హలో... వినపడుతోందా?

తెల్లవారుజామున నాలుగున్నర. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు. పెదయడ్లగాడి వంతెన ఇంకా రాలేదు. కారులో ఫోను మోగింది. మా బావ స్టీరింగు మీది పచ్చ బటన్ నొక్కాడు.

‘‘అయ్యగారూ, చేపలు పైకి తేలుతున్నాయండి. కరెంటు పోయింది. ఇంజను వెయ్యమంటారా?’’

‘‘వెయ్యి! వెంటనే వెయ్యి. నేనొచ్చేస్తన్నా.’’

‘‘అయ్యగారూ... హలో... ఏం వినపడతా లేదండి.’’

‘‘వెయ్యరా బాబూ! ఇంజను వెయ్యి!’’

‘‘హలో... హలో...’’

లైను తెగింది. బావ కారు పక్కకి తీసి ఆపాడు. ఫోను చేతిలోకి తీసుకుని, బ్లూటూత్ కట్టేసి మళ్లీ కలిపి, ఆ ఒక్క ముక్క చెప్పేసరికి నాలుగు నిమిషాలు. చేపల చెరువులో తెల్లవారుజామున నాలుగు నిమిషాలంటే చిన్న విషయం కాదు. పగలు ఎండలో నీటిలోని నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు, చేపలతో పోటీపడి దాన్ని వాడుకుంటుంది. అందుకే సూర్యుడు రాబోయే ముందు ఆక్సిజన్ అట్టడుక్కి దిగుతుంది. శీలావతి, బొచ్చె నోళ్లు తెరుచుకుని పైకొచ్చేది ఆ వేళకే. చెరువు మకాం నుంచి ఫోను వచ్చేదీ, నీళ్లలో గాలి కలపడానికి ఇంజను వెయ్యాల్సిందీ అప్పుడే.

ఆ రోజు చేపలు బతికాయి. కాపలా మనిషి ఇక చూసేది లేదని తనంతట తనే ఇంజను వేశాడట. కానీ బావకి కారు మీద పగ పుట్టింది.

కారు 2012 మోడల్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కొన్నప్పుడే బ్లూటూత్ ఉన్న సెట్టు, పైకప్పు లైటు పక్కన చిన్న చిల్లుల వెనక మైకు, స్టీరింగు మీద రెండు బటన్లు. అప్పట్లో అదో గొప్ప. మన దేశంలో ఈ ముచ్చట ఓ మోస్తరు కార్లలోకి దిగి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. 2009లో వచ్చిన ఫియట్ లీనియాలో మైక్రోసాఫ్ట్‌తో కలిసి చేసిన ‘బ్లూ అండ్ మీ’ ఉండేది. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ‘సింక్’తో వచ్చింది. ఆ కార్లు ఇంకా మన రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. ఫోర్డ్ మాత్రం 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కారు పదిహేనేళ్లు నడుస్తుంది, ఫోను మూడేళ్లకే ముసలిదవుతుంది. ఆ సంసారంలో గొడవలు రాకుండా ఎలా ఉంటాయి? బావ ఈ కారులో కూర్చునే ఐదు ఫోన్లు మార్చాడు.

పాట వస్తోంది, మాట పోవట్లేదు

‘‘పాటలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. అంటే బ్లూటూత్ బాగున్నట్టే కదా?’’ అన్నది బావ వాదన. సగమే నిజం.

ఫోనుకీ కారుకీ మధ్య ఉన్నది ఒక్క దారి కాదు. పాటలకి ఒకటి, కాల్స్‌కి వేరొకటి, పేర్లూ నంబర్లూ తెరమీదకి రావడానికి ఇంకొకటి. ఇంజినీర్లు పాటల దారిని ఏ2డీపీ అనీ, మాటల దారిని హెచ్‌ఎఫ్‌పీ అనీ అంటారు. పాట ఒకవైపే నడుస్తుంది, ఫోను నుంచి కారుకి. మాట మాత్రం రెండువైపులా నడవాలి. అందుకే పాట పలికే కారు మాటకి మూగబోవడం విచిత్రమేమీ కాదు. ఫోను సెట్టింగుల్లో కారు పేరు పక్కన ఉండే చక్రం గుర్తు నొక్కితే ‘కాల్స్’, ‘మీడియా’ అని వేర్వేరు మీటలు కనిపిస్తాయి. ఒక్కోసారి ఫోను కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్న మర్నాడు మొదటి మీట దానంతటదే ఆగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు మెకానిక్‌తో పనే లేదు.

మేమూ మొదట అక్కడి నుంచే మొదలుపెట్టాం. మీట వేసే ఉంది. కారు జ్ఞాపకంలో ఐదు ఫోన్ల పేర్లు కూర్చుని ఉన్నాయి. అందులో ఒకటి రెండేళ్ల కిందట పని మానేసిన డ్రైవరుది, ఒకటి మా అక్కది. అక్క ఫోను సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంటి ముందు కారు స్టార్ట్ చేస్తే, వంటింట్లో ఉన్న అక్క ఫోను బావ ఫోనుకన్నా ముందే కారును పట్టేసుకునేది. ‘ఇంట్లో మాట ఎవరిదో కారుకి కూడా తెలుసు’ అని మేం నవ్వుకున్నాం. అన్ని పేర్లూ చెరిపేసి, ఫోనులోనూ కారు పేరు తీసేసి, మొదటి నుంచీ జత కలిపాం. చెరిపితే రెండు వైపులా చెరపాలి. ఒక వైపే చెరిపితే పాత తాళంచెవి మిగిలి కొత్త తాళంలో ఇరుక్కుంటుంది. ఇదంతా చేసినా కాపలా మనిషికి మళ్లీ వినపడలేదు.

ఏలూరులో ఒక షాపుకి తీసుకెళ్లాం. కుర్రాడు కారులో కూర్చోకుండానే తీర్పు చెప్పాడు. ‘‘సెట్టు పాతదైపోయిందండి. పీకేసి పది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టేద్దాం. 18,000 అవుద్ది.’’ బావ దాదాపు ఒప్పేసుకున్నాడు. ఆ తెర చూస్తే నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. కానీ ఎవరికి వినపడటం లేదు అని ఆ కుర్రాడు ఒక్క మాట అడగలేదు.

అసలు రోగనిర్ణయం అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మనకి వినపడకపోతే స్పీకరో, సెట్టో, ఫోను శబ్దాన్ని ఎటు పంపుతోందో చూసుకోవాలి. అవతలివాళ్లకి వినపడకపోతే మైకు, మైకు తీగ. వాళ్ల గొంతే వాళ్లకి తిరిగి వినపడితే మన స్పీకరు మోత మైకులోకి దూరుతోందని. మూడూ మూడు జబ్బులు. గొంతు నొప్పికీ చెవి పోటుకీ ఒకే మాత్ర రాస్తే ఆ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్తామా?

గూడెం మేస్త్రీ

మర్నాడు తాడేపల్లిగూడెం. ఏలూరు నుంచి భీమడోలు, కైకరం మీదుగా జాతీయ రహదారి పట్టుకుంటే గంట ప్రయాణం. ఉల్లిపాయల మార్కెట్‌కి పేరున్న ఊరు, 2015 నుంచి నిట్ ఉన్న ఊరు. ఇక్కడ రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి రన్‌వే ఒకటుంది. దాని సంగతి మళ్లీ చెబుతా.

మా నాన్న లారీల కాలం నుంచీ తెలిసిన కార్ల ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడక్కడ. అందరూ మేస్త్రీగారనే పిలుస్తారు. అరవై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదుంటుంది, చూసేటప్పుడు మాత్రం కిందికి దింపడు. బావ కథంతా చెప్పుకొచ్చాడు. మేస్త్రీ విన్నాడో లేదో తెలియదు. తలుపు తీసి లోపలికి తల పెట్టి, గాలి పీల్చాడు.

‘‘తడి వాసనొస్తంది బాబూ. ఎన్నాళ్ల నుంచి?’’

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చేపల కారుకి వాసన లేకుండా ఎలా ఉంటుంది!

‘‘చేప వాసన కాదండి, గోనె నానిన వాసన. ఈ మాటలు పోవడం ఎప్పుడు మొదలైంది?’’

‘‘ఉగాది తర్వాత’’ అన్నాడు బావ.

‘‘సంక్రాంతికి బాగుందా?’’

‘‘బాగుంది.’’

‘‘ఏసీ వేస్తేనా, వెయ్యకపోయినానా?’’

బావ ఆలోచించాడు. ఏసీ వేసిన అరగంటకి పోతుంది. మధ్యాహ్నం ఎండలో రెండు మూడు గంటలు నిలబెట్టి తీస్తే కాసేపు పనిచేస్తుంది. ఈ సంగతి ఆయన అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మేస్త్రీ ఎడమ సీటు ముందు రబ్బరు మ్యాట్ ఎత్తాడు. దాని కింద కార్పెట్‌ని గుప్పిట్లో పట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

ఏసీ వేసిన కారు కింద నీళ్లు బొట్లు బొట్లుగా కారడం అందరం చూసేదే. కారకపోతేనే భయపడాలి. డాష్‌బోర్డు లోపలి చల్లని కాయిల్ మీద గాలిలోని తేమ నీరై, ఒక సన్నపాటి గొట్టంలోంచి రోడ్డు మీద పడాలి. గొట్టం మూసుకుపోతే ఆ నీరు కాళ్ల దగ్గరికి వస్తుంది. ఇక తేమ గురించి కొల్లేరు దగ్గరివాళ్లకి చెప్పాలా? ఐదో కాంటూరు వరకు కొలిచినా 308 చదరపు కిలోమీటర్ల సరస్సు, దాని చుట్టూ లెక్కలేనన్ని చెరువులు, కాలవలు, వరి మళ్లు. 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. పక్షులకి స్వర్గం. రాగి తీగకి మాత్రం కాదు.

తర్వాత పరీక్ష నాకు చాలా నచ్చింది. మేస్త్రీ తన కీప్యాడ్ ఫోనుకి బావ ఫోనులోంచి కాల్ చేయించి, దాన్ని నా చేతికిచ్చి రోడ్డు అవతలికి పొమ్మన్నాడు. ‘‘చెవికి పెట్టుకుని, ఏం వినపడితే అది అరవండి’’ అన్నాడు. ఆయన కారులో కూర్చుని పెన్ను వెనక భాగంతో పైకప్పు లైటు పక్కన మైకు చిల్లుల మీద కొడుతున్నాడు. నాకేం లేదు. నిశ్శబ్దం. బావ లోపల్నుంచి హలో అంటున్నట్టు పెదాలు కదులుతున్నాయి, అంతే. తర్వాత మేస్త్రీ సీటు కిందికి వంగి, ఎడమవైపు తలుపు స్తంభం మొదట్లో తీగల కట్టని చేత్తో ఊపాడు. నా చెవిలో కరకరమంది. అప్పడం విరిచినట్టు.

‘‘కరకరండీ!’’ అని అరిచాను. ఉల్లిపాయల లారీ ఒకటి మా మధ్యలోంచి వెళ్లింది. అది వెళ్లాక చూస్తే మేస్త్రీ నవ్వుతున్నాడు.

మైకు పోయి ఉంటే తీగ ఊపినా ఏమీ రాదట. సెట్టు పోయి ఉంటే ఆ కరకర కూడా నాదాకా వచ్చేది కాదు. శబ్దం పుట్టిన చోటే జబ్బు. ఈ మైకు శనగగింజంత ఉంటుంది. దానికి సెట్టు వైపు నుంచి కొద్దిపాటి వోల్టేజీ అందుతూ ఉంటేనే అది గొంతును విద్యుత్తుగా మారుస్తుంది. మేస్త్రీ మీటరు పెట్టి చూపించాడు. సెట్టు దగ్గర నాలుగున్నర వోల్టులు, పైన మైకు దగ్గర అర వోల్టు కూడా లేదు. మధ్యలో ఎవరో తాగేస్తున్నారు.

ప్లాస్టిక్ మూత ఊడదీస్తే ఆ ‘ఎవరో’ బయటపడ్డారు. తీగలు కలిసే తెల్లటి కప్లర్ లోపల పచ్చటి చిలుం, పాత ఇత్తడి బిందె అడుగున పట్టినట్టు. దానికి బెత్తెడు పైన మైకు తీగ చుట్టూ ఉండే అల్లిక కొరికేసి ఉంది, లోపల రెండు పోగులు మాత్రం అంటిపెట్టుకున్నాయి. ఎలుక!

‘‘డిక్కీలో ఏం మోస్తారండి?’’

తవుడు. ఇంకేం మోస్తాం? కొల్లేరు చెరువుల్లో మేత పద్ధతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. బస్తాలకి చిల్లులు పెట్టి, అందులో తవుడూ చెక్కా నింపి, చెరువులో పాతిన గుంజలకి వేలాడదీస్తారు. చేపలే వచ్చి ఆ చిల్లులు పొడుచుకుని తింటాయి. అత్యవసరమైనప్పుడు ఒకటి రెండు బస్తాలు కారులోనే వెళ్తాయి. ఆ వాసనకి ఎలుక వచ్చింది. అద్దం కింద గాలి లోపలికి పోయే చోట గోనె పీచు, కాగితాలతో గూడు కట్టుకుంది. గూట్లోంచి రాలిన చెత్త నీళ్ల గొట్టాన్ని మూసేసింది. నీళ్లు కప్లర్‌ని తడిపాయి. తీరిక వేళ తీగ కొరికింది. తవుడు నుంచి మౌనం దాకా ఇంత దూరం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

చిలుం పట్టిన ముక్క కోసేసి, కొత్త తీగ టంకం వేసి, పైన స్లీవు తొడిగి, అతుకుని నేలకి దూరంగా పైకి కట్టాడు. గొట్టంలో గాలి కొట్టాడు. గాలి దారికి సన్నటి ఇనప వల బిగించాడు. ఏడు వందలు. ‘‘తవుడు ఆటోలో ఏసుకోండి బాబూ, ఆయ్’’ అన్నది ఉచితం.

యుద్ధం నాటి తొక్కుడుబిళ్ళ

టంకం ఆరేలోగా టీ తాగుతూ, ఇంతకీ ఈ బ్లూటూత్ అనేది గాల్లో ఎలా వెళ్తుందని బావ అడిగాడు. చిన్నప్పటి తొక్కుడుబిళ్ళ గుర్తు చేసుకుంటే చాలు. 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల 79 గళ్లు గీశారనుకోండి. ఫోనూ కారూ చెయ్యి చెయ్యి పట్టుకుని, ఇద్దరికే తెలిసిన వరసలో, సెకనుకి 1,600 సార్లు గడి నుంచి గడికి గెంతుతుంటాయి. ఒక గడిలో పక్కింటి వైఫై అడ్డొస్తే మరుక్షణం ఇంకో గడిలో ఉంటాయి. కలిసిన ప్రతిసారీ ముందు ఆ వరస చెవిలో చెప్పుకుంటాయి.

గెంతడమనే ఈ ఉపాయం పాతది. హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి, శత్రువు జామ్ చేయలేని టార్పెడో నియంత్రణ కోసం ఇలాంటి పద్ధతికే 1942లో పేటెంటు పొందారు. వాళ్ల లెక్కలో 88 గళ్లు, పియానో మెట్లు ఎన్నో అన్ని. గూడెం రన్‌వే కూడా ఆ యుద్ధ కాలానిదే. బ్లూటూత్ మాత్రం 1994లో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్‌లో మొదలైంది. యాప్ హార్ట్‌సెన్ అనే డచ్ ఇంజినీరు దాని రూపకర్త. పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. ఆ నీలం గుర్తు ఆయన పేరులోని రెండు పాత లిపి అక్షరాల కలయిక. బావకి ఇందులో నచ్చిందల్లా ఒకటే. ‘‘రాజుగారి పన్నా!’’ అన్నాడు.

పాత కార్లలో గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉండడానికీ కారణముంది. మొదట్లో కాల్ దారిలో గొంతును సెకనుకి 8,000 సార్లు మాత్రమే కొలిచేవారు. 2011 నాటి మార్పుతో అది 16,000 అయింది. అవతల ఎంత ఖరీదైన ఫోనున్నా, పాత సెట్టుతో జత కడితే దాని స్థాయికే దిగి మాట్లాడాలి. అది జబ్బు కాదు, వయసు.

మేస్త్రీ దగ్గర అప్పుడే ఇంకో కారు కూడా ఉంది. దానికి పచ్చ బటన్ పనిచేయదు, హారన్ మోగదు, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతూనే ఉంటుంది. మూడు రోగాలనుకుని వచ్చాడు ఓనరు. మూడూ ఒకటే. స్టీరింగు కింద చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్ అనే పట్టీ తెగింది.

ఖరీదైన యూరప్ కార్లది వేరే గోల. రెండు వేల సంవత్సరం తర్వాత వచ్చిన చాలావాటిలో సెట్టు, ఫోను పెట్టె, ఆంప్లిఫయర్ అన్నీ ఒక ప్లాస్టిక్ కాంతి తీగతో వలయంగా కలిసి ఉంటాయి. ఎర్రటి వెలుగు ఒకదాని నుంచి ఒకదానికి చుట్టూ తిరగాలి. ఒక పెట్టె నిద్రపోతే వలయం తెగి, రేడియోతో సహా అంతా మూగదవుతుంది. ఫోను పెట్టె తరచూ సీటు కిందో, డిక్కీలోనో ఉంటుంది. అంటే నీళ్లు ముందుగా చేరే చోటే. తీగ ఊడదీసి, కొసలో ఎర్ర వెలుగు ఎక్కడిదాకా వస్తోందో కంటితో చూసి చెప్పేయొచ్చు, మిణుగురుని వెతికినట్టు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు వేల వాహనాలు మునిగాయి. ఆ నీరే తర్వాత కొల్లేరులోకి దిగింది. మునిగిన కారు ఇంజను నెలలో బాగవుతుంది. కప్లర్లలో చిలుం మాత్రం ఏడాది తర్వాత పచ్చగా చిగురిస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు పాటలు వేసి చూసుకుంటే చాలదు. ఎవరికైనా కాల్ చేసి, ‘వినపడుతోందా’ అని అడగాలి, మ్యాట్ కింద చెయ్యి పెట్టాలి.

చేతులు ఖాళీయే, బుర్రో?

మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో 2019 సవరణతో, నడుపుతూ చేత్తో ఫోను వాడడాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చారు. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జరిమానా 10,000, జైలు రెండేళ్ల వరకు. అక్కడ మాట ‘చేతిలో పట్టుకునే’ పరికరం గురించి. అందుకే బావ లాంటివాళ్లు హ్యాండ్స్‌ఫ్రీ ఉంటే గండం గట్టెక్కినట్టే అనుకుంటారు.

నాకా నమ్మకం లేదు. నడుపుతూ ఫోను వాడేవాళ్లకి ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన పెద్ద తేడా లేదనీ అంటోంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ స్ట్రేయర్ బృందం 2000ల మొదట్లోనే ప్రయోగాలు చేసి ఇదే తేల్చింది. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, చూపు మాత్రం మాటల్లో ఉంటుంది. పక్క సీటులో మనిషైతే గేదె అడ్డొచ్చినప్పుడు నోరు మూసుకుంటాడు. ఫోనులోని మనిషికి గేదె కనపడదు. కొల్లేరు మధ్య రోడ్డుకి రెండు వైపులా నీళ్లే, ఎదురుగా ఐసు నీళ్లు కార్చుకుంటూ వచ్చే చేపల వ్యాన్లే. వినపడీ వినపడని మైకు ఇంకా ప్రమాదం. చెవులు రిక్కించి, గొంతు పెంచి, చెప్పిందే చెప్పి... బుద్ధంతా ఆ హలోల్లోకే పోతుంది. పాడైన హ్యాండ్స్‌ఫ్రీ కంటే అసలు లేకపోవడమే నయం.

అక్క ఒక షరతు పెట్టింది. ‘ఆపి చేస్తా’ అనడానికి తప్ప ఆ బటన్ నొక్కకూడదు. బావ ఒప్పుకున్నాడు. ఎంతవరకు పాటిస్తున్నాడో మకాం వాళ్లకే తెలియాలి.

మొన్న తెల్లవారుజామున నేనూ వెంట వెళ్లాను. వంతెన దాటాక ఫోను మోగింది.

‘‘అయ్యగారూ, ఐసు బండి వచ్చిందండి.’’

‘‘బండి తోలతన్నా! పక్కకి ఆపి చేస్తా! వినపడతందా?’’ అని బావ అలవాటు కొద్దీ గొంతు చించుకున్నాడు.

‘‘బాగా వినపడతందండి. కాస్త మెల్లిగా చెప్పండి అయ్యగారూ, చెవులు పోతన్నాయి.’’